పంటు మీద సంధి

“ఇకమీదట ఈ జిల్లా రాజకీయాలు పూర్తిగా దౌత్య పద్ధతిలో జరుగుతాయి” అని రాష్ట్ర సమన్వయ శాఖ మంత్రి వెంకటకృష్ణారావుగారు పోయిన ఫిబ్రవరిలో విజయవాడలో ప్రకటించారు. సభలో చప్పట్లు మోగాయి. మర్నాడు పేపర్లో ఆ ప్రకటన కీళ్ళనొప్పుల తైలం ప్రకటన పక్కన పడింది. జిల్లాలో అందరూ చదివి సంతోషించే ఉంటారు. నేను మాత్రం పేపరు మడిచి పరుపు కింద దాచేసి, మా వాడి ఉద్యోగం పోయినట్టేనని ఓ మూల కూర్చుని ఏడ్చాను.

ఎందుకంటే, దౌత్యం అన్న మాట మంత్రిగారి చెవిన వేసింది మా వాడే.

మా అబ్బాయి రామకోటేశ్వరరావు ఇక్కడి యూనివర్సిటీ పి.జి. సెంటర్లో హిస్టరీ లెక్చరరు. దౌత్య చరిత్ర చెబుతాడు. అంటే ఏ రాజు ఏ రాజు దగ్గరికి ఎవర్ని రాయబారం పంపాడు, ఏ సంధి ఎందుకు చేసుకున్నారు, మళ్ళీ ఎందుకు తప్పారు, ఇవన్నీ. “తప్పని సంధంటూ లేదమ్మా. అందుకే నా సబ్జెక్టుకి ఎప్పుడూ మేత ఉంటుంది” అంటాడు. పరిశోధన కూడా అదే. వెనకటికి బందరులో దిగిన డచ్చివాళ్ళు గోల్కొండ దర్బారుకి వెళ్ళి ఎంతెంత వంగి సలాములు చేశారో రాస్తున్నాడు. వాడు ఎం.ఏ.లో హిస్టరీ తీసుకుంటానన్నప్పుడు నేను సంతోషించాను. ఫిజిక్సయితే కరెంటు పట్టుకుంటాడు, కెమిస్ట్రీ అయితే యాసిడ్డు మీద పోసుకుంటాడు. హిస్టరీలో ఎవరికి ఏమవుతుంది? అందరూ ముందే చచ్చిపోయి ఉన్నారు.

అయితే ఏడేళ్ళయినా వాడు టెంపరరీయే. “తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు” అని ఆర్డర్లో ఉంది. ఆ తదుపరి ఉత్తర్వు పర్మనెంటు చేసేదవ్వచ్చు, తీసేసేదవ్వచ్చు. ఏదైనా సెంటరు కమిటీ ఇవ్వాలి. కమిటీకి అధ్యక్షులు మంత్రిగారు. కార్యదర్శేమో పంచాయతీ సమితి ప్రెసిడెంటు రత్తయ్యగారు. ఏ ఆర్డరు మీదైనా ఇద్దరి సంతకాలూ పడాలి. ఇద్దరిదీ ఒకే పార్టీ కాబట్టి ఇద్దరికీ పడదు. ఇద్దరి ఇళ్ళూ పటమటలోనే, రెండు వీధుల తేడాలో. మధ్య వీధిలో మేం అద్దెకుంటున్నాం.

మంత్రిగారు ప్రకటన చేసిన ఆ సభ మా వాడి సెంటరు వార్షికోత్సవమే. ఆ నాడు మా వాడి చేత ఉపన్యాసం ఇప్పించారు. వాడేం మాట్లాడి ఏం కొంప ముంచుతాడోనని నేనూ వెళ్ళి ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను. మంత్రిగారు గంధపు దండ వెనకాల కునుకు తీస్తున్నారు. మా వాడు చెబుతూ చెబుతూ, “రాయబారి వచ్చినప్పుడు రాజు సింహాసనం దిగి ఎంత దూరం ఎదురొచ్చాడన్నదే అన్నిటికన్నా ముఖ్యం. యుద్ధాలు దాని మీద ఆగాయి, దాని మీద వచ్చాయి” అన్నాడు. మంత్రిగారు కళ్ళు తెరిచారు.

నాకూ ఆ ముక్క ఇట్టే అర్థమయింది. ఇది మన ఎదురుకోలే కదా! మగపెళ్ళివారు విడిదిలో దిగితే మనం బాజాలతో, పానకం బిందెలతో ఎదురెళ్ళమూ? వెళ్ళకపోతే వాళ్ళు గడప దాటతారూ? మా పినతండ్రి పెళ్ళిలో పానకంలో మిరియాలు తగ్గాయని వియ్యంకుడు బండి వెనక్కి తిప్పించాడు. మనం చేస్తే పెళ్ళి, రాజులు చేస్తే చరిత్ర. అంతే తేడా.

మంత్రిగారు లేచి, నేను పైన చెప్పిన ప్రకటన చేశారు.

మర్నాడు పొద్దున్నే మంత్రిగారి పి.ఎ. లాజరు జీపేసుకుని వచ్చాడు. “అమ్మగారూ, మాస్టార్ని అయ్యగారు రమ్మంటున్నారండి” అన్నాడు.

“ఎందుకు బాబూ? వాడికి రాత్రి నుంచీ ఒంట్లో బాగాలేదు.”

“నాకేం? శుభ్రంగా ఉన్నాను” అంటూ మా వాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. ఏడేళ్ళు పాఠాలు చెప్పినా వాడికి లోకజ్ఞానం రాలేదు. నేనూ ఒక రిక్షా మాట్లాడుకుని వెనకే వెళ్ళి, మంత్రిగారి గేటు పట్టుకుని నిలబడ్డాను.

మంత్రిగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. ప్రజలు మెట్ల మీద ఉన్నారు.

“మాస్టారూ, గొప్పవాడు ఎదురెళ్ళాలా? వచ్చినవాడే లోపలికి రావాలా?”

“ఇద్దరి హోదాని బట్టి ఉంటుందండి. సమానులైతే చెరి సగం నడుస్తారు.”

“సమానులు కాకపోతేనో?”

“పెద్దవాడు కూర్చునే ఉంటాడండి.”

మంత్రిగారు కాళ్ళు ఇంకాస్త చాపుకున్నారు. “రత్తయ్య నాకు సమానమా? చరిత్ర ఏమంటుంది?”

“చరిత్రలో ఆయన ప్రస్తావన ఎక్కడా లేదండి.”

మంత్రిగారు పకపకా నవ్వి, మెట్ల మీద జనం వంక చూశారు. వాళ్ళూ నవ్వారు. “మరి నాది?”

“మీదీ లేదండి.”

మెట్ల మీద నవ్వు ఆగిపోయింది. నేను గేటు దగ్గర్నుంచి గట్టిగా దగ్గాను. వాడు నా వంక చూశాడు.

“ఇంకా రాలేదండి” అన్నాడు.

ఆ “ఇంకా” అన్న మాట వాడి చేత కనకదుర్గమ్మే పలికించింది. మంత్రిగారు వాడి భుజం తట్టి, “నువ్వుంటే అదీ వస్తుందిలే. నీ పర్మనెంటు ఫైలు నా దగ్గరే ఉంది. నేను దౌత్యం నేర్చుకునేదాకా నువ్వు నాకు సలహాదారువి” అన్నారు.

సాయంత్రానికి రత్తయ్యగారు కబురంపారు. పార్టీలో వార్తలు పోస్టులో కన్నా త్వరగా వెళతాయి. ఆయన మా వాడిని కూర్చోబెట్టి మొదట అడిగింది చరిత్ర కాదు.

“ఆళ్ళింట్లో కాఫీ ఇచ్చారా మాస్టారూ?”

“ఇచ్చారండి.”

“గళాసులోనా, కప్పులోనా?”

“కప్పులోనండి.”

“బుల్లెమ్మా! మాస్టారికి కప్పూ సాసరూ! లోపల అద్దాల బీరువాలోయి తియ్యి!” అని కేకేశారు. బుల్లెమ్మగారు ఆయన భార్య. ఆ కప్పులు వాళ్ళ పెళ్ళినాటివట, ఇంతవరకూ బయటికి తీయలేదట. అవి కడిగి కాఫీ తెచ్చేదాకా ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. తర్వాత అడిగారు.

“ఇప్పుడు చెప్పండి. నేను ఓట్లతో గెలిచినోణ్ణి. ఆయనకి మంత్రి పదవి పైనోళ్ళు ఇచ్చింది. ఎవరెక్కువ?”

మా వాడు పొద్దున చెప్పినదే చెప్పాడు. సమానులైతే చెరి సగం, కాకపోతే పెద్దవాడు కూర్చునే ఉంటాడు. చరిత్ర ఎవరింటికి వెళితే వాళ్ళ మాట మాట్లాడదట. ఇంటికొచ్చాక నాకు చెబితే నెత్తి బాదుకున్నాను.

“రెండిళ్ళకీ ఒకటే చెప్పావుట్రా?”

“నిజం రెండిళ్ళకీ ఒకటే కదమ్మా!”

“నాయనా, ఆ ఇంట్లో కప్పు, ఈ ఇంట్లో సాసరు. రేపు వీళ్ళు నిన్ను వాళ్ళ మనిషంటారు, వాళ్ళు వీళ్ళ మనిషంటారు. మధ్యలో నీ ఫైలు చెదలు పట్టిపోతుంది.”

“నువ్వెప్పుడూ చెడే ఆలోచిస్తావు” అని వాడు డచ్చివాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను చెడు ఆలోచిస్తానన్నది నిజమే. అయితే జరిగేది నా ఆలోచన కన్నా ఒక అడుగు ముందే ఉంటుంది.

దౌత్య పద్ధతి మొదటిసారి చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో అమలైంది. అక్కడ కొత్త పశువుల ఆస్పత్రి ప్రారంభోత్సవం. మంత్రిగారి కారులో మా వాడు, వెనక బస్సులో వాడి క్యారియరుతో నేను. ఊరి తూర్పు చివర మంత్రిగారు కారు ఆపించి, “రత్తయ్య సగం దూరం ఎదురొస్తే గాని దిగేది లేదు” అన్నారు. పడమటి చివర రత్తయ్యగారి జీపు ఆగి ఉంది. ఆయనా అదే మాటన్నారట. మధ్యలో ఆస్పత్రి, దానికి ఎర్ర రిబ్బను. బాజాల వాళ్ళు కాసేపు తూర్పుకి తిరిగి వాయించారు, కాసేపు పడమటికి తిరిగి వాయించారు. బడిపిల్లలు రెండు వైపులా జేజేలు కొట్టి గొంతులు పోగొట్టుకున్నారు. బిందెల్లో పానకానికి ఈగలు పట్టాయి.

లాజరు ఎండలో అటూ ఇటూ పరుగెత్తుతూ రాయబారాలు మోశాడు. “అయ్యా, ఆయన ఒక కాలు కిందికి పెట్టారండి.” “ఏ కాలు?” “ఎడమ కాలండి.” “అయితే నేనూ ఎడమ కాలే పెడతా. కుడికాలు పెడితే పెళ్ళికొచ్చామనుకుంటాడు.”

అలా చెరో కాలు బయట పెట్టుకుని ఉభయులూ భోజనాల వేళ దాకా కూర్చున్నారు. చివరికి ఎవరిదో చూడి గేదె, దూడ అడ్డం తిరిగిందని తోలుకొస్తే, అది రిబ్బను తెంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం మంత్రిగారు పేపరువాళ్ళకి చెప్పారు, ఆస్పత్రిని లబ్ధిదారుల చేతే ప్రారంభింపజేశామని. ఇంత నిరాడంబరుణ్ణి ఈ జిల్లా చూడలేదని ఊరివాళ్ళంతా ఒప్పుకున్నారు.

వేసవి ముదిరేసరికి ప్రారంభాలు ఆగిపోయిన భవనాలు దారి పొడుగునా నిలబడి ఉన్నాయి. ఒక చోట వంతెన కట్టి రిబ్బను అడ్డం పెట్టేశారు. జనం దాని పక్కనే కాలవలో దిగి నడుస్తున్నారు. మా వాడి ఫైలు కోసం కమిటీ మీటింగు పెట్టారు. గదికి ఒకటే గుమ్మం. ముందు ఎవరు లోపలికెళ్ళాలో తేలక ఇద్దరూ వరండా చెరో కొసా నిలబడి వెళ్ళిపోయారు. రెండో గుమ్మం కొట్టించారు. అయితే అది దక్షిణానికి వచ్చింది. దక్షిణపు గుమ్మంలోంచి వచ్చేది యముడు, తాను రానని రత్తయ్యగారు, ఆయన తానే యముణ్ణని ఒప్పుకుని వస్తే తనకేం అభ్యంతరం లేదని మంత్రిగారు. ఫైలు లోపల బల్ల మీదే ఉంది. కిటికీలోంచి నేను కళ్ళారా చూసి వచ్చాను. దాని మీద పిల్లి పడుకుని ఉంది.

“ఇంక నీ పర్మనెంటు ఈ జన్మకి లేదురా” అని నేను దిగులు పడుతుంటే మా వాడు నవ్వి, “దీనికి చరిత్రలో దారుందమ్మా” అన్నాడు. నూట డెబ్భై ఏళ్ళ కిందట ఫ్రాన్సు చక్రవర్తికీ రష్యా చక్రవర్తికీ సరిగ్గా ఇదే పేచీ వచ్చిందట. ఎవరి గడ్డ మీదికి ఎవరూ వెళ్ళరట. చివరికి నది నడిమధ్యన తెప్ప కట్టించి, దాని మీద డేరా వేయించి, చెరో ఒడ్డు నుంచీ చెరో పడవలో వచ్చి కావలించుకున్నారట.

నాకు నీళ్ళంటే భయం. వద్దురా అన్నాను. వాడు అప్పటికే రెండిళ్ళకీ వెళ్ళి చెప్పి వచ్చాడు.

మంత్రిగారు అడిగారట, “ఆ ఇద్దరిలో చివరికి గెలిచిందెవరు?” అని. “రష్యా ఆయనండి.” “అయితే నేను రష్యా.”

రత్తయ్యగారు అడిగారట, “ఇద్దర్లో పేరెక్కువ వినపడేది ఎవరిది?” అని. “ఫ్రాన్సు ఆయనదండి.” “అయితే నేను ఫ్రాన్సు.”

ఆ ఇద్దరూ పోట్లాడుకోకుండా పంచుకున్నది అదొక్కటే.

పులిగడ్డ రేవులో పంటు కుదిర్చారు. రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి కడతారే, లారీలనీ ఎడ్లబళ్ళనీ దాటించేది, అది. దాన్ని కృష్ణ నడిమధ్యన లంగరు వేయించి, డేరా కట్టించి, రెండు కుర్చీలు వేయించారు. మంత్రిగారు ఇవతలి ఒడ్డు నుంచి వస్తారు. మరి రత్తయ్యగారు అవతలి ఒడ్డు నుంచే రావాలి కదా! ఆయన మంత్రిగారింటికి రెండు వీధుల అవతలే లేచి, మొహం కడుక్కుని, బ్యారేజీ దాటి, తెనాలి మీదుగా రేపల్లె మీదుగా చుట్టు తిరిగి, అవతలి జిల్లా రేవులో దిగారు. రష్యాని కలుసుకోడానికి ఫ్రాన్సు అంత పెట్రోలు కాల్చి ఉండదు.

నేనూ, మా పక్కవాటా గంగారత్నమూ ఒడ్డున తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాం. మా వాడు సలహాదారు హోదాలో పంటు మీద ఉన్నాడు. వాడికి ఈత రాదు.

“ఏం కాదులే వదినా, అంతమంది ఉన్నారుగా” అంది గంగారత్నం.

“అంతమంది ఉంటేనే కదా మునిగేది!”

పంటు నడిపే నాగులు ఒడ్డునే గెడ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. రెండు రేవుల్లోనూ పొద్దున్నుంచీ బళ్ళు, గేదెలు, చేపల గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు, ఒక పెళ్ళిబృందం ఆగిపోయారు. చేపల సన్యాసమ్మ వాడి మీద విరుచుకుపడింది.

“ఏరా నాగులూ, ఎప్పుడు కదిలిద్దిరా నీ పంటు? మధ్యానానికి ఈ చేపలు నువ్వు తింటావా?”

“నన్నంటావేంది? రెండు దేశాలకి సంధి జరుగుతుందంట. అయ్యాకే.”

“ఏ దేశాలు?”

“ఆ తెల్లచొక్కా దేశం, ఆ కండవా దేశం.”

ఈలోగా పడవలు రెండూ బయల్దేరాయి. లాజరు ఈల వెయ్యగానే ఇద్దరూ ఒకేసారి పంటు మీద కాలు పెట్టారు. మైకులో చప్పట్లు వినపడ్డాయి. తర్వాత కుర్చీల దగ్గర ఆగిపోయారు. రత్తయ్యగారి మనిషి ఆయన కుర్చీలో ఒక దిండు వేశాడు. మంత్రిగారి మనిషి రెండు వేశాడు. ఇవతల్నుంచి దిండ్లు, అవతల్నుంచి దిండ్లు పడవల మీద వెళ్ళాయి. చివరికి పెళ్ళిబృందం పరుపులు కూడా పట్టుకెళ్ళారు. ఉభయులూ డేరా కప్పుకి తలలు తగిలేలా కూర్చున్నాక చర్చలు మొదలయ్యాయి.

అంతలో సముద్రపు పోటు ఎగదన్నింది. పంటు లంగరు మీద మెల్లగా గిర్రున తిరిగి, మంత్రిగారి కుర్చీ అవతలి జిల్లా వైపూ, రత్తయ్యగారి కుర్చీ మా వైపూ వచ్చేశాయి. ఇద్దరూ లేచిపోయారు. తన సరిహద్దు ఆక్రమించారని ఇద్దరూ అన్నారు. పోటు తగ్గి పంటు తిరిగి మామూలు స్థితికి వచ్చేదాకా చర్చలు వాయిదా పడ్డాయి. నేను ఆ కాస్సేపట్లో కనకదుర్గమ్మకి కోడిని, పెదకళ్ళేపల్లి శివుడికి అభిషేకాన్ని, గుణదల మేరీమాతకి కొవ్వొత్తుల్ని మొక్కేశాను.

లోపల జరిగింది తర్వాత మా వాడు చెప్పాడు. లాజరు ఒక్కో అంశమూ చదివాడట. కాలవ పూడికతీత కాంట్రాక్టు. “అది తర్వాత” అన్నారట ఇద్దరూ. బస్సు రూట్లు. “తర్వాత.” సొసైటీ ఎరువులు. “అసలు ఆ మాటే ఎత్తకు.” విగ్రహం ఎవరిది పెట్టాలి. ఇద్దరూ గడ్డాలు తడుముకుని, “అది మరీ తర్వాత” అన్నారట. లాజరు కాగితం తిరగేసి, “ఇంకేమీ లేవండి. ఈ మాస్టారి ఫైలొక్కటే” అన్నాడట.

ఇద్దరూ మా వాడి వంక చూశారట.

“ఈయన మీ మనిషే కదండీ” అన్నారట రత్తయ్యగారు.

“మా మనిషేంటయ్యా? మీ ఇంట్లో అద్దాల బీరువా కప్పులో కాఫీ తాగాడుగా!”

“మీరు సలహాదారుగా పెట్టుకున్నారు కదా, మీకు బాధనిపిస్తుందేమోనని ఊరుకున్నా.”

“నేనూ నీ మొహం చూసే ఊరుకున్నా. తీసేస్తే నాకేం అభ్యంతరం లేదు.”

“నాకూ లేదు.”

ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక విషయంలో ఏకాభిప్రాయం వచ్చేసరికి ఇద్దరికీ కళ్ళ నీళ్ళు తిరిగాయట. పరుపుల మీద నుంచి దూకి కావలించుకున్నారు. ఆ దూకడం మాత్రం ఒడ్డు నుంచి నేనూ చూశాను. పంటు ఊగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి లాజరు మైకులో సంయుక్త ప్రకటన చదువుతున్నాడు.

“ఒకటి. ఉభయ నాయకుల మధ్య ఏనాడూ ఎటువంటి విభేదాలూ లేవు. రెండు. ఆ విభేదాలన్నీ ఈ రోజుతో సమసిపోయాయి. మూడు. జిల్లాలో సంపూర్ణ శాంతి నెలకొన్నందువల్ల, శాంతి లేనప్పుడు మాత్రమే అవసరపడే దౌత్య చరిత్ర లెక్చరరు పోస్టును రద్దు చెయ్యాలని ఉభయులూ తీర్మానించారు. నాలుగు. ఈ చరిత్రాత్మక సంధికి కారకులైన శ్రీ రామకోటేశ్వరరావుగారికి ఇప్పుడు శాలువా కప్పుతారు.”

మండుటెండలో మా వాడికి ఉన్ని శాలువా కప్పారు. రెండు ఒడ్డుల్లోనూ జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టకపోతే ఎవరేమనుకుంటారోనని నేనూ కొట్టాను. గంగారత్నం నా చేతులు పట్టుకుని ఆపింది.

ఇంటికొచ్చాక రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా వాడు డచ్చివాళ్ళ కాగితాలు ముందేసుకుని ఊరికే కూర్చున్నాడు. “ట్యూషన్లు చెప్పుకుంటానులే అమ్మా” అన్నాడు. దౌత్య చరిత్రకి ట్యూషను ఎవడు పెట్టించుకుంటాడు? లెక్కలా, ఇంగ్లీషా?

మూడో రోజు లాజరు వచ్చాడు. రద్దు ఆర్డరు తెచ్చాడనుకుని గుమ్మంలోనే కూలబడ్డాను. ఆర్డరు తెచ్చిన మాట నిజమే, టైపు చేసి ఉంది. కానీ కింద రెండు సంతకాల చోటూ ఖాళీగా ఉన్నాయి.

“మాస్టారూ, మీరే దారి చెప్పాలి” అన్నాడు నుదురు తుడుచుకుంటూ. “మిమ్మల్ని తీసేసే కాగితం మీద ముందు ఎవరు సంతకం పెట్టాలండి? అధ్యక్షుణ్ణి నేను కదా అని అయ్యగారు, కాగితం పంపేది కార్యదర్శి కదా అని ఆయన. రెండిళ్ళ మధ్యా తిరగలేక నా చెప్పులు తెగిపోయినయ్యి. చరిత్రలో దీనికేమన్నా ఉందేమోనని అయ్యగారే పంపారండి.”

మా వాడి మొహం వెలిగిపోయింది. సంధి తర్వాత వాడి మొహంలో వెలుగు చూడడం అదే.

“భేషుగ్గా ఉంది! యూరప్‌లో రాజులందరూ పాటించిన పద్ధతి. ఏం చేస్తారంటే...”

నేను చేతిలో ఉన్న మంచినీళ్ళ చెంబు వాడి ఒళ్ళో వంపేశాను.

“అయ్యో, చూశావా లాజరూ, వాడికి ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం. చల్లబరుస్తున్నా.”

“ఇప్పటిదాకా బానే ఉన్నారు కదమ్మా?”

“ఇప్పుడే వచ్చింది. నువ్వు వెళ్ళు బాబూ, అంటుకుంటుంది.”

లాజరు వెళ్ళాక వాడు తడి పంచె పిండుకుంటూ చెప్పాడు. కాగితం రెండు ప్రతులు రాస్తారట. ఒకదాని మీద ఒకరు ముందు సంతకం పెడతారు, రెండోదాని మీద రెండోవారు ముందు పెడతారు. ఎవరి సంతకం ముందున్న ప్రతి వాళ్ళింట్లో దాచుకుంటారు. పేచీ లేదు. అంత తేలిక. విన్నకొద్దీ నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?”

“పుస్తకాల్లో ఉందమ్మా.”

“వాళ్ళు పుస్తకాలు చదవరు. నువ్వు చెప్పకు.”

“అడిగినప్పుడు చెప్పకపోతే నేనేం పరిశోధకుణ్ణి?”

“ఈ పాఠం ఏ క్లాసులో చెబుతావు?”

“ఎం.ఏ. ఫైనల్లో.”

“ఇప్పుడు వేసవి సెలవులు. కాలేజీ తెరిచాక ఎం.ఏ. ఫైనల్లో చేరమను, చెబుదువుగాని.”

వాడు లోపలికి పోయాడు. వాడికి జ్వరం వారం రోజులు తగ్గకుండా నేను జాగ్రత్త పడ్డాను. వాకిలి తలుపు గడియ వేసి, అడిగినవాళ్ళకల్లా ఆటలమ్మ పోసిందని చెప్పాను. ఆ వారమంతా మా వాడు హాయిగా గోల్కొండ దర్బారు రాసుకున్నాడు. ఉత్తర్వు రానంతకాలం వాడు లెక్చరరే.

మెల్లమెల్లగా నా గుండె కుదుటపడుతుండగా గంగారత్నం కబురు తెచ్చింది. బజార్లో తను చేపలు బేరమాడుతుంటే లాజరు కనపడి చెప్పాడట. మంత్రిగారికి హైదరాబాదులో పెద్ద పని పడిందట. ఇంక ఈ పేచీ సాగదియ్యడం తన హోదాకి తగదనీ, పోనీ రత్తయ్యనే ముందు పెట్టమని రేపు పొద్దున చెప్పేస్తాననీ భార్య ఛాయాదేవిగారితో అన్నారట. ఆవిడా, “మీరే పెద్దమనసు చేసుకోండి” అందట.

ఇంత పెద్దమనసు వస్తుందని నేను చెడు ఆలోచనల్లో కూడా ఆలోచించలేదు.

మాగాయ కలిపి నాలుగు రోజులే అయింది, ఇంకా ఊరలేదు. అయినా వంటింట్లోకి వెళ్ళి రెండు జాడీలు దించాను. ఒకదాన్ని ఎత్తడానికి గంగారత్నం కూడా చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. తెల్లవారగానే దాన్ని రిక్షాలో పెట్టించుకుని బుల్లెమ్మగారి ఇంట్లో ఇచ్చాను. ఆవిడ ఎంతో సంతోషించి, నాకూ సాసర్లో పెట్టి కాఫీ ఇచ్చింది. తర్వాత రెండోది కొంగు చాటున పెట్టుకుని ఛాయాదేవిగారి ఇంటికి వెళ్ళాను.

వరండాలో మంత్రిగారు ఆర్డరు ఒళ్ళో పెట్టుకుని, ముందు నువ్వే పెట్టమని రత్తయ్యగారికి చీటీ రాయడానికి పెన్ను మూత తీస్తున్నారు. లాజరు తల వంచుకుని పక్కన నిలబడి ఉన్నాడు. నేను నమస్కారం చేసి లోపలికి వెళ్ళాను. ఛాయాదేవిగారు జాడీ మూత తీసి వాసన చూశారు.

“ఘుమఘుమలాడుతోంది అక్కయ్యగారూ! మీ అబ్బాయి విషయంలో ఇంత జరిగినా మమ్మల్ని మర్చిపోలేదు. ఎంత మంచి మనసండీ!”

“అదేంటమ్మా. మీరంతా పెద్దవాళ్ళు. మేం కనిపెట్టుకుని ఉండేవాళ్ళం.”

“ఆ బుల్లెమ్మగారింటికి కూడా ఇచ్చారా?”

“ఇవ్వకపోతే బాగోదు కదమ్మా. ముందు అక్కడ ఇచ్చే ఇటు వస్తున్నాను.”

“ముందా?” అన్నారు ఛాయాదేవిగారు. ఆ మాట కాస్త గట్టిగానే అన్నారు. వరండాలో కుర్చీ కిర్రుమంది. “ఇలాంటి జాడీయేనా?”

అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. రెండు చేతులూ బారచాపి చూపించాను.